క్రీడాభిరామమున నోరుగంటి దినచర్య

క్రీడాభిరామ మనెడి వీథి చిన్న గ్రంథము. దానిపైఁ బుట్టిన వాదములు మాత్రము పెద్దవి. మానవల్లి రామకృష్ణకవిగారు 1909లో దీనిని వెలువరించిన నాఁటినుండి పండితులు ముఖ్యముగా రెండు విషయములను జర్చించుచు వచ్చిరి. దీనిని రచించినవాఁడు వినుకొండ వల్లభరాయఁడా, శ్రీనాథుఁడా యనునది మొదటిది. ఇందలి వర్ణనములు సభ్యములా, కావా యనునది రెండవది. గ్రంథపీఠిక వల్లభరాయని కర్తగాఁ జెప్పుచున్నది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు (1888–1950) శ్రీనాథకర్తృత్వమును బలముగా సమర్థించిరి. ఈ వాదముల నడుమ మూడవ ప్రశ్న యొకటి మఱుఁగుపడినది. ఈ గ్రంథము చూపెడి యోరుగల్లు ఎప్పటిది? అందలి దినచర్యను జరిత్రకు సాక్ష్యముగా నెంతవఱకుఁ గొనవచ్చును? దీనిని విచారించుటయే యీ వ్యాసమున కుద్దేశము.

ఇది కేవలము పండితవినోదమునకుఁ జేయు విచారము కాదు. రాజుల దండయాత్రలను విడిచి ప్రజల తిండి, బట్ట, ఆట, పాటలను జరిత్రగా వ్రాయఁబూనినవారికి క్రీడాభిరామము గని వంటిది. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన తమ ఆంధ్రుల సాంఘిక చరిత్రమున దీనిని విరివిగా వాడుకొనిరి. ఆ గ్రంథము 1955లో సాహిత్య అకాడమీ పురస్కారమును బడసినది. అట్టి మహాగ్రంథములనుండి చిన్న పుస్తకములకు, వానినుండి పాఠశాలలకు నీ వర్ణనములు ప్రాఁకును. మూలసాక్షిని సరిగాఁ బరీక్షింపనిచో నొకచోటి పొరపాటు నూఱుచోట్ల సత్యమై కూర్చుండును.

గ్రంథస్వరూపము చదువరు లెఱిఁగినదే. మంచనశర్మ, టిట్టిభసెట్టి యను మిత్రు లిద్దఱు వేకువనుండి రాత్రివఱకు నోరుగంటి వీథులఁ దిరుగుదురు. కనఁబడిన దానినెల్లఁ జెప్పుకొందురు. కథ యని చెప్పఁదగినది లేదు. ధనంజయుఁడు దశరూపకమున వీథికిఁ జెప్పిన లక్షణ మిట్టిదే: ఒకే యంకము, ఒకరో యిద్దఱో పాత్రములు, ఆకాశభాషితములు, సూచ్యమైన శృంగారము. దీనికి మూలము రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామము. ఆ మూల మిప్పుడు లభింపదు. ఈ లోపమే మన విచారమున కెల్ల మొదటి చిక్కు. తెలుఁగు గ్రంథమున నేది త్రిపురాంతకుఁడు చూచినది, ఏది తెలుఁగుకవి చేర్చినది యని వేఱుచేసి చూపుటకు సాధనము మనకు లేదు.

మొదట కాలమును జూతము. మిత్రులు మాచల్దేవి చిత్రశాలను దర్శింతురు. ఆమె ప్రతాపరుద్రుని వేశ్య. కాఁబట్టి రూపకములోని కాలము ప్రతాపరుద్రుని కాలము, అనఁగా 1323కుఁ బూర్వము. ఆ సంవత్సరముననే ఢిల్లీసేనలు కోటను బట్టుకొనుటయుఁ గాకతీయరాజ్య మంతరించుటయు జరిగినవి. వల్లభరాయఁడు విజయనగర రాజ్యమున కాశ్రితుఁడు. పదునాలుగవ శతాబ్ది చివరనో పదునైదవ శతాబ్ది మొదటనో యున్నవాఁడు. శ్రీనాథుఁడును ఇంచుమించుగా నప్పటివాఁడే. కర్త యెవఁడైనను దెలుఁగు గ్రంథము పుట్టుసరికిఁ గాకతీయుల యోరుగల్లు కూలి రెండు తరములకుఁ బైఁగా గడచినది. కర్తృత్వవాద మెట్లు తేలినను మన ప్రశ్నకు సమాధానము మాఱదు. ఈ కవి వ్రాసినది తాను నిలిచి చూచిన ప్రతాపరుద్రుని నగరము కాదు. వినినది, చదివినది, తలఁచుకొనినది.

ఇఁక రెండవ చిక్కు రూపకజాతికి సంబంధించినది. మానవల్లివారే 1922లో రామనాథశాస్త్రిగారితోఁ గూడి చతుర్భాణి యను పేర నాలుగు ప్రాచీన భాణములను బ్రకటించిరి. వానిలో శ్యామిలకుని పాదతాడితక మొకటి. వేశ్య యొకతె కాలితోఁ దన్నిన తన్నునకుఁ బ్రాయశ్చిత్త మేమి యని విటులు సభదీర్చుట యందలి విషయము. నగరవీథులు, వేశవాటిక, దారిలోఁ దగులు వారితో సరసము, ఇవి యన్నియు నోరుగల్లు పుట్టుటకు శతాబ్దముల పూర్వమే సంస్కృతభాణములందుఁ గలవు. దండి దశకుమారచరిత్రమునఁ బ్రమతి కోళ్లపోరును జూచును. దక్షిణదేశమునఁ దరువాతఁ బుట్టిన భాణములందుఁ బొట్టేళ్లపోరు, కోళ్లపోరు, పాములవాఁడు తఱచుగా వచ్చుచునే యుందురు. క్రీడాభిరామమునను నివి కలవు. దీనినిబట్టి యోరుగంటఁ గోడిపందెములు లేకుండె నని చెప్పరాదు, ఉండియే యుండును. కాని యీ గ్రంథమునఁ గోడిపందె మున్నదను నొక్క కారణమున నది యోరుగంటి ప్రత్యేకాచార మని వ్రాయుట తగదు. వీథి వ్రాయఁబూనినవాఁడు పెండ్లిపాటలో నలుఁగును జెప్పినట్లు కోడిపందెమును జెప్పును.

కావున నీ గ్రంథములోని విషయములను రెండు రాసులుగాఁ బోయుట మంచిది. రూపకధర్మమునుబట్టి వచ్చిన వొకటి. ఆ ధర్మ మడుగకున్నను దమంతఁ దాము వచ్చిన వొకటి. రెండవ రాశియే చరిత్రకారునికి ధనము. అందు మూఁడింటి నిచటఁ జూపెదను.

మొదటిది గంట. కోటపై గడియారము పదునాఱు మ్రోయును. ప్రొద్దు పడమటికి వాలినదని చెప్పి మంచనశర్మ సెట్టిని బూటకూటింటికిఁ దొందరపెట్టును. గడియకు 24 నిమిషములు. సూర్యోదయమునుండి పదునాఱు గడియ లన 6 గంటల 24 నిమిషములు. రేయింబవళ్లు సమముగా నుండు దినములలోఁ బదునైదవ గడియకు మిట్టమధ్యాహ్నము. పదునాఱవదానికిఁ బ్రొద్దు కొంచెము వాలియుండును. కవిమాట లెక్కకు సరిపోయినది. ఊరంతయు వినునట్లు గడియలు మ్రోయించు నగరమున నాఁకలి సైత మా లెక్కకు లోఁబడినదని యీ చిన్న ప్రసంగమువలన నెఱుఁగుదుము. శాసనము లిట్టి సంగతిని జెప్పవు.

రెండవది భోజనము. లక్ష్మణవజ్ఝల యింట నొక్క రూకకు మేలైన బియ్యపు వంటకము, గోధుమల పిండివంట, చక్కెర, అప్పటికప్పుడు కాఁచిన యావునెయ్యి, పెసరపప్పు, అరఁటిపండ్లు, నాలుగైదు నంజులు, గడ్డపెరుగు దొరకును. పరదేశులకు వెలకు నన్నము పెట్టు గృహస్థుని యింటిపే రిచ్చి, వెల చెప్పి, పదార్థముల నెన్నుట యే రూపకలక్షణమును గోరినది కాదు. అయినను జాగ్రత్త యవసరము. ఆ రూక ప్రతాపరుద్రుని నాఁటిదా, వల్లభరాయని నాఁటిదా యనునది తేలదు. కావున కాకతీయుల కాలమున భోజనపు వెల రూక యని యేకవాక్యముగా వ్రాయక, పదునాలుగవ శతాబ్ది మొదలుకొని పదునైదవ శతాబ్ది యారంభమువఱకుఁ గల కాలమునఁ దెలుఁగునాట నిట్టి పూటకూళ్లయిండ్లు కలవని మాత్రము వ్రాయుట న్యాయము.

మూఁడవది పాట. వీథిలో నొక స్త్రీ వడిగల తాళముతోఁ బలనాటి వీరులను ద్విపదలోఁ బాడును. జక్కుల పురంధ్రి కామవల్లీ మహాలక్ష్మి వలపును బాడుచు వచ్చును. సంస్కృతభాణములలో వీరికిఁ జోటు లేదు, వీరు తెలుఁగునేలవారు. ఛందస్సు పేరు, పాడినవారు స్త్రీ లనుట, తాళగతి, ఇవి చెప్పఁబడుటచే మన గేయవాఙ్మయచరిత్ర కిది యమూల్యమైన యాధారము. పలనాటి కథ గ్రంథస్థమైన ద్విపదగానే గాక వీథిగానముగాను జనుల చెవులఁబడుచుండె ననుట కింతకంటె స్పష్టమైన సాక్ష్యము వేఱొండు వలదు.

ఇట్లు వేఱుచేసిన పిదపఁ గావ్యము చిన్నదైపోవు నని కొంద ఱనవచ్చును. నా తలంపు దీనికి విపరీతము. మంచనశర్మ ప్రేయసీవియోగమున మనసు నిలువక తిరుగువాఁడు. ఏ వినోదమును దుదివఱకుఁ జూడఁడు. ఒకదానిని మెచ్చుచుండఁగనే మఱియొకటి కంటఁబడును. ఇది కూర్పులోని శైథిల్యమని యాక్షేపించుట కలదు. కాని నిలుకడలేని మనసునకు నగరము కనఁబడెడి తీరే యిది. గంట, అన్నము, పాట, పందెము ఇవి యొక్కొక్కటి క్షణకాల మా మనసును బట్టియుంచి విడుచును. పెద్ద సుఖము దూరమైనవాఁడు చిన్న సుఖములను నెంత శ్రద్ధగా లెక్కించునో యీ గ్రంథము తెలుపును.

ఆ లెక్క యొక్క మంచనశర్మదే కాదు. కూలిన నగరమును జెప్పుచుఁ గవి దాని పతనమును బ్రసక్తికిఁ దేఁడు, రాజులకొఱకు విలపింపఁడు. పెరుగును, పెసరపప్పును, గంటమ్రోఁతను జెప్పును. ఇది యతని హృదయమునకుఁ బ్రమాణముగాఁ జెప్పుటకు నా యొద్ద నాధారము లేదు. గ్రంథము చదువునపుడు కలుగు ఫలము మాత్ర మిదియే. తరువాతి తెలుఁగువారికి నోరుగల్లు శిలాతోరణములతోడనే గాక జనులు తిని, విని, తిరిగిన యూరుగా మిగులుటకు నీ చిన్న గ్రంథము ముఖ్యకారణము.

కడపట బోధకులకు నొక మాట. అసభ్యభాగములు కలవని యీ గ్రంథమును బాలుర కంటఁ బడనీయక దాఁచుటయు, నాలుగు పద్యములను మాత్ర మేఱి కాకతీయుల కాలపు చిత్రమని చెప్పుటయు, రెండును గ్రంథమునకు మేలు చేయవు. గంటను, పూటకూటింటిని, జక్కుల పురంధ్రిని బాలురకుఁ జూపవచ్చును. చూపునపుడు కాకతీయనగరమునకును గ్రంథరచనకును నడుమ 1323 నిలిచియున్నదని చెప్పుటయు విధి. పరిశోధకులకు మాత్రము గ్రంథమంతయు, నొక పద్యమైనను విడువక, పాఠభేదములతో నందుబాటున నుండవలెను. ఏది పూర్వభాణములనుండి సంక్రమించినదో, ఏది తెలుఁగునేలఁ బుట్టినదో ప్రతిపద్యమునకును నిర్ణయించు పట్టిక యొకటి సిద్ధమైననాఁడు సాంఘికచరిత్రకారుఁడు దీనిని నిర్భయముగా వాడుకొనఁగలఁడు. ఆ పనికిఁ బండితులు పూనుదురుగాక.