అవునో కాదో చెప్పని తెర

మందుల షాపులో స్కాన్ చేశాను. ఖాతాలో డబ్బు తగ్గింది, షాపు స్పీకర్ మాత్రం పలకలేదు. ఫోన్‌లో ‘పెండింగ్’. అయిందో కాలేదో ఒక్క ముక్క చెప్పడానికి ఇంత పెద్ద వ్యవస్థకు ఏం రోగమని ఈ వారమంతా మండిపడ్డాను.

ఆ ఒక్క ముక్కే కష్టం, దాని మీద చాలా యంత్రాలు ఒక మాట కావాలి మరి. కంప్యూటర్ శాస్త్రవేత్తలు మైకేల్ ఫిషర్, నాన్సీ లించ్, మైకేల్ పేటర్సన్ 1985లో దీన్నే గణితపరంగా తేల్చారు. కబురు ఎంతైనా ఆలస్యం కావచ్చనుకుంటే, యంత్రాల్లో ఒక్కటి ఆగిపోయే అవకాశమున్నా చాలు, మిగతావి తప్పక ఒక మాట మీదికొస్తాయని హామీ ఇచ్చే నిర్ణీత పద్ధతి ఉండదు. అవతలిది చచ్చిందో, మెల్లగా నడుస్తోందో ఇవతలి దానికి తెలియదు మరి. చచ్చిందనుకుని ముందుకెళ్తే అది లేచొచ్చి వేరే మాట చెప్పొచ్చు. బతికుందని ఎదురుచూస్తే ఎంతసేపని?

అందుకే ఇంజినీర్లు గడువులు పెట్టుకుంటారు, మెజారిటీని నమ్ముకుంటారు. లెస్లీ లాంపోర్ట్ పాక్సోస్ పద్ధతిలో అయిదింట మూడు ఒప్పుకుంటే చాలు, రెండు పడిపోయినా పని సాగుతుంది. అయితే యంత్రాల నకళ్లు పెంచితే చాలనేవాళ్లతో నాకు పేచీ. 2024 జులై 19న సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క తప్పు అప్‌డేట్‌కి, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారమే, 85 లక్షల విండోస్ యంత్రాలు కూలాయి. అన్నిటికీ ఒకే జబ్బు చేస్తే ఏది దేనికి ఆసరా?

ఇంతా ఆలోచించాక ఆ ‘పెండింగ్’ మీద గౌరవం పెరిగింది. తొందరపడి ‘ఫెయిల్’ అని ఉంటే నేను రెండోసారి కట్టేవాణ్ని. ‘సక్సెస్’ అని ఉంటే షాపాయన నష్టపోయేవాడు. తెలియనిదాన్ని ఊహించి చెప్పకుండా, అదే రిఫరెన్స్ నంబరుతో మళ్లీ మళ్లీ వాకబు చేసుకోవడమే సరైన పని.

కానీ ఆ నిరీక్షణ ఎవరి డబ్బుతో? రిజర్వు బ్యాంకు 2019 నిబంధన ప్రకారం, దుకాణానికి ధ్రువీకరణ అందని యూపీఐ చెల్లింపు అయిదు రోజుల్లోగా దానంతటదే వెనక్కి రావాలి; దాటితే రోజుకు వంద రూపాయల పరిహారం. ఖాతాలో నాలుగొందలే ఉన్న కూలీ మనిషికి జ్వరం మందు అయిదు రోజులు ఆగదు. చిన్న మొత్తాలైతే బ్యాంకే వెంటనే ఆ డబ్బు వెనక్కి వేసి, లెక్క తర్వాత తేల్చుకోవాలి.