లాకు, లాకౌటు, లాకప్పు: ఒక మాట వెనుక మనుషులు

తెలుగులోకి వచ్చిన ఇంగ్లీషు మాటల గురించి మన పత్రికల్లో జరిగే చర్చ సాధారణంగా రెండు పక్షాల మధ్య నడుస్తుంది. పరభాషా పదం కనిపిస్తే చాలు, భాష మైలపడిందనేవారు ఒక పక్షం. వాడుకలో వుంది గనుక ఏదైనా తెలుగే అనేవారు రెండో పక్షం. ఈ రెండు పక్షాలూ ఒక ప్రశ్నను వదిలేస్తున్నాయి. ఆ మాట ఎవరి నోట వచ్చింది? వచ్చి ఎవరికి ఉపయోగపడింది? ‘లాక్’ అనే ఒక్క మాటను తీసుకొని ఈ ప్రశ్నను పరిశీలించాలన్నదే నా ఉద్దేశం.

ఇంగ్లీషులో అది అతి సామాన్యమైన నామవాచకం. తలుపుకు వేసే తాళం, తుపాకిలో మందు అంటించే భాగం, కుస్తీలో ఒక పట్టు, కాలువ మీద పడవలను దాటించే కట్టడం అన్నీ లాక్‌లే. జుట్టుపాయను కూడా లాక్ అంటారు గాని, అది వేరే మూలం నుంచి వచ్చి అదే రూపం పొందిన మాట. ఇన్ని అర్థాల్లోనూ మన డెల్టా శ్రామికులు తమదిగా చేసుకున్నది తలుపు తాళాన్ని కాదు. దానికి వాళ్ల దగ్గర మాట వుంది. తాళంకప్ప అన్నారు, తాళంచెవి అన్నారు. ఇనుపముక్కలో కప్పనూ చెవినీ చూడగలిగిన జనానికి అక్కడ అరువు అవసరం లేకపోయింది. వాళ్లు తీసుకున్నది కాలువ లాకును.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. కృష్ణ నీటిని తెచ్చే కాలువా, గోదావరి నీటిని తాడేపల్లిగూడెం మీదుగా తెచ్చే కాలువా ఏలూరులో కలిశాయి. శిస్తు పెంచుకోవడానికే కంపెనీ ప్రభుత్వం ఈ పనికి పూనుకున్నదన్నది నిజమే. కాని మాట శిస్తు చిట్టాలో వుండిపోలేదు. మట్టి మోసినవాళ్లూ, పడవ నడిపినవాళ్లూ దానికి అజంత రూపమిచ్చి, బహువచనం తగిలించి ‘లాకులు’ అన్నారు. ‘లాకుల దగ్గర’ అంటే గుర్తు చెప్పినట్టే. ఆ కాలువను కనిపెట్టి వుండే చిరుద్యోగి లస్కరు. పారశీకంలో సైన్యమని అర్థమున్న మాటను మన కాలువ గట్టు అలా మార్చుకుంది.

లాకు చేసే పని ఏమిటో విద్యార్థులు గమనించాలి. పడవ రెండు జతల తలుపుల మధ్య నిలుస్తుంది. తూము ద్వారా నీరు వచ్చో పోయో, ఇవతలి మట్టమూ అవతలి మట్టమూ సమానమయ్యేదాకా ఎదుటి తలుపు తెరుచుకోదు. సమానమయ్యాక మనుషులు తోస్తే తెరుచుకుంటుంది. అంటే ఈ లాకు బంధించేది కాదు, ఎత్తుపల్లాల మధ్య దారి ఇచ్చేది.

ఇదే మాట పైనుంచి దిగి వచ్చినప్పుడు ఏమైందో చూద్దాం. జూట్ మిల్లు ఎరిగిన ఏలూరులో ‘లాకౌటు’ అంటే ఎవరికీ వివరించనక్కర్లేదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం సమ్మెనూ లాకౌటునూ రెండింటినీ నిర్వచించింది. కార్మికుని ఆయుధానికి ‘సమ్మె’ అని మన మాట వుంది. యజమాని ఆయుధం మాత్రం గేటుకు అంటించిన నోటీసులో వున్నట్టే జనం నోట నిలిచింది. చేసేవాడు తన పనికి తన పేరు పెట్టుకుంటాడు. ఎదుటివాడు చేసిన పనికి ఎదుటివాడి పేరే మిగులుతుంది.

‘లాకప్పు’ కథ మరింత చేదు. కోయంబత్తూరుకు చెందిన ఎం. చంద్రకుమార్ గుంటూరులో తాను అనుభవించిన పోలీసు హింసను తమిళంలో నవలగా రాసి దానికి ‘లాకప్’ అనే పేరే పెట్టాడు. 2015లో వచ్చిన ‘విసారణై’ చిత్రానికి ఆధారం అదే. మన గడ్డ మీద జరిగిన దారుణాన్ని పొరుగు భాష రచయిత రాయవలసి రావడం మన రచయితలు ఆలోచించుకోవలసిన విషయం. ఇక మన పత్రికలు రాసే ‘లాకప్ మరణం’ అనే సమాసం చూడండి. అందులో స్థలం వుంది, చావు వుంది, చంపినవాడు లేడు.

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. అమెరికా జైళ్లలో ఖైదీలను గదుల్లో కట్టడి చేయడానికి వాడిన మాట అది. ఆ రోజుల్లో కుప్పలు తెప్పలుగా కవితలు వచ్చాయి. కిటికీ, పిట్ట, ఏకాంతం చాలావాటికి వస్తువు. ఇల్లున్నవాడికే లాక్‌డౌన్ ఏకాంతం. మన రాష్ట్రం గుండా పోయే జాతీయ రహదారి మీద ఉత్తరాదికి నడిచిన వలస కూలీలకు మూసుకోవడానికి తలుపే లేదు. వాళ్లను చూసి రాసిన కవులు లేకపోలేదు. కాని మాటను ప్రభుత్వం ఇచ్చిన అర్థంలోనే అందుకున్నవారు ఎక్కువ.

కాలువ దిగి కొల్లేటి లంకల్లోకి పోతే లాకుతో పనిలేదు. తాటిదోనెకు లాకు అక్కర్లేదు. అక్కడి బతుకును శాసించే ఇంగ్లీషు మాట మరొకటి, ‘కాంటూరు’. 1999లో అయిదో కాంటూరు దాకా అభయారణ్యమన్నారు. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. మూడో కాంటూరుకు తగ్గించాలనే కోరిక ఆ తర్వాత బలపడింది. బడి ముఖం చూడనివారు కూడా ఆ మాట నేర్చుకోక తప్పలేదు. ఇదీ మట్టానికి సంబంధించిన మాటే. కాలువ లాకు మట్టాలను కలిపింది. కాంటూరు మట్టం మీద గీత గీసింది. గీతకు లోపల ఎవరు, వెలుపల ఎవరు అన్నది గీసినవాడు తేల్చాడు.

మా తరగతిలో ‘లాకు’తో సొంత వాక్యం రాయమన్నాను. దాదాపు అందరూ సెల్‌ఫోను గురించి రాశారు. ఒక అమ్మాయి మాత్రం, ‘మా తాతయ్య లాకులు తీసేవాడు’ అని రాసింది. వెనక బెంచీ నవ్వింది. తలుపులు తీసే లాకును వాళ్లెన్నడూ వినలేదు. పడవలు పోయాయి, ఆ పని పోయింది, మాటలోంచి ఆ అర్థం కూడా జారిపోతోంది.

భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వ్యవసాయ పదకోశం వెలువరించినప్పుడు పనివాళ్ల నోటి మాటలే ఆధారం. రచయితలు చేయవలసిన పనీ అదే. అరువు మాటను చూసి జంకనక్కర్లేదు, దాన్ని వాడినవాడి పక్కన నిలబడి వాడాలి. తెలుగులో ‘తాళం వేయడం’ అంటే తలుపు మూయడమొకటి, పైవాడి పాటకు వంతపాడడమొకటి. ఏలినవారి మాటను పరీక్షించకుండా ఎత్తుకునే రచయిత ఈ రెండు పనులూ ఒక్కసారే చేస్తాడు.