ఊరిని నిలబెట్టే పని

వెనిస్ వెళ్ళొచ్చినవాళ్ళు ఆ ఊరి అందం గురించి గంటలు గంటలు చెబుతారు. నేనూ చెప్పగలను. కానీ అక్కడ నన్ను పదేపదే ఆపేసింది అందం కాదు, దాన్ని నిలబెడుతున్న పని. ఒక ఊరిని చూడటమంటే అది ఎలా నిలబడుతోందో చూడటమేనని నాకు గట్టిగా అనిపించింది అక్కడే.

వందకు పైగా చిన్న దీవులు, వాటిని కలుపుతూ నాలుగు వందలకు పైగా వంతెనలు. నేల అంతా మెత్తటి బురద. ఆ బురదలోకి కొయ్య గుంజలను పక్కపక్కనే దిగ్గొట్టి, వాటిమీద పలకలు పరిచి, ఆపైన ఇస్ట్రియా నుంచి తెచ్చిన తెల్లరాయి పేర్చి మేడలు కట్టారు. బురదలో గాలి ఆడదు గనక కొయ్య అంత తొందరగా కుళ్ళదు. ఆ రాయి నీటిని పెద్దగా పీల్చదు గనక పైనున్న ఇటుక గోడలకు తడి అంత సులభంగా ఎక్కదు. 1630 నాటి ప్లేగు తర్వాత మొక్కు తీర్చుకోవడానికి కట్టిన సాల్యూతే చర్చి కింద పది లక్షలకు పైగా గుంజలు ఉన్నాయని చెబుతారు. ఆ చర్చి గుమ్మటాన్ని ఫోటో తీసే ముందు నేను కాసేపు దాని కింది బురదను తలుచుకున్నాను.

ఊరు కట్టడంతో పని అయిపోలేదు. నదులు తెచ్చే ఒండ్రుతో చుట్టూ ఉన్న ఉప్పునీటి సరస్సు పూడిపోతుందని, శతాబ్దాల పాటు శ్రమించి బ్రెంతా, పియావే లాంటి నదులనే పక్కకు మళ్ళించారు. నీటి వ్యవహారాలు చూడటానికి 1501లోనే ప్రత్యేక అధికారులను పెట్టారు. కాలువలకు మరమ్మతు చేయాలంటే ఇప్పటికీ రెండు చివర్లా అడ్డుకట్ట వేసి, నీళ్ళు తోడేసి, బురద ఎత్తి, గోడల రాళ్ళను సరిచేయాల్సిందే. తాగేనీటికీ ఇంత శ్రమే పడ్డారు. ప్రతి కూడలిలో కనిపించే రాతి బావి నిజానికి వాననీటి తొట్టి. కూడలిలో పడిన వాన ఇసుకలో వడకట్టుకుని అందులోకి చేరేది. 1884లో బయటి నుంచి గొట్టాల నీళ్ళు వచ్చేదాకా ఊరు తాగింది ప్రధానంగా ఆ నీళ్ళే.

సాన్ త్రొవాజో దగ్గర కాలువకు ఇవతలి గట్టున నిలబడితే అవతల గొండోలాలు కట్టే, బాగుచేసే చోటు కనిపిస్తుంది. దాన్ని స్క్వేరో అంటారు. గొండోలా పొడవు దాదాపు 11 మీటర్లు. ఎనిమిది రకాల కొయ్య, 280 ముక్కలు కలిస్తే ఒక్క పడవ. తెడ్డు వేసేవాడు ఒక్కడే. వెనక నిలబడి ఒకే పక్కన వేస్తాడు. అందుకే పడవను కావాలనే వంకరగా కడతారు. ఎడమ పక్క కుడి పక్కకంటే 24 సెంటీమీటర్లు వెడల్పు. తెడ్డును ఆనించే ఫోర్కొలాను ఒకే అక్రోటు దుంగ నుంచి చెక్కుతారు. ముందుకు పోవాలన్నా, మలుపు తిరగాలన్నా, వెనక్కి రావాలన్నా తెడ్డును ఆ కొయ్యమీద వేరువేరు చోట్ల ఆనించాలి. ఆ ఒంపులు చూస్తుంటే, అక్కడి ఇరుకు కాలువలు ఆ వడ్రంగుల చేతుల్లోకి ఎంతగా దిగిపోయాయో అర్థమైంది.

ఇంత పనినీ నీళ్ళు ముంచేసిన రోజులూ ఉన్నాయి. 1966 నవంబరు 4న సముద్రపు పోటుతో నీళ్ళు 194 సెంటీమీటర్లకు లేచాయి. 2019 నవంబరులో మళ్ళీ 187 దాకా వచ్చాయి. సముద్ర ముఖద్వారాల దగ్గర 78 తలుపులతో కట్టిన ‘మోసే’ అనే అడ్డుకట్టను 2020 అక్టోబరు 3న తొలిసారి నిజమైన పోటుకు ఎదురుగా లేపారు. ఊరు పొడిగానే ఉంది. కానీ పోటును ఆపినట్టుగా జనం వెళ్ళిపోవడాన్ని ఏ తలుపూ ఆపలేదు. 1951లో దీవుల మీద దాదాపు లక్షా డెబ్బై అయిదు వేల మంది ఉండేవారు. ఇప్పుడు యాభై వేల లోపే. ఇళ్ళు పర్యాటకుల బసలవుతున్నాయి. పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్ళిపోయేవాళ్ళ నుంచి 2024లో కొన్ని రోజులకు అయిదు యూరోల రుసుం వసూలు మొదలుపెట్టారు. డబ్బు వస్తుంది. కానీ మరమ్మతు చేసే వడ్రంగికి అక్కడే ఇల్లు దొరక్కపోతే ఆ డబ్బు ఏ చేతుల్లో పెడతారు?

ఇలా మనుషుల పనిని గమనించిన యాత్రికుడు మార్కో పోలో కూడా ఈ ఊరివాడే. మన మోటుపల్లి సీమను వర్ణించినప్పుడు రాణి పాలనతో పాటు, వజ్రాలు వెతికి తీసే తీరునూ అక్కడి సన్నటి నేతనూ ప్రత్యేకంగా చెప్పాడు. పరాయి నేలలో మనుషుల పనిని గమనించడం యాత్రికుడికి ఉండాల్సిన మొదటి గుణమని నా నమ్మకం.

అందుకే వెళ్ళేవాళ్ళకు నా మాట ఇది. వీలైతే రాత్రి అక్కడే ఉండండి. తెల్లవారుజామున లేచి సరుకుల పడవలు, చెత్త తీసే పడవలు, రియాల్తో చేపల బజారు చూడండి. సందుల్లో కుడిపక్కన నడవండి. వంతెన మెట్ల మీద కూర్చోకండి, బండి లాక్కుంటూ దాటేవాళ్ళకు అదే దారి. వస్తువు కొంటే అక్కడ చేసినవాళ్ళ దగ్గరే కొనండి. నిలబెట్టేవాళ్ళు అక్కడే బతకగలిగితేనే ఆ ఊరు మన మనవలకు కూడా ఊరుగా మిగులుతుంది.