పెన్న యొడ్డున పరుగు, గీటురాయిపై గీత
ప్రొద్దుటూరి పసిఁడి వర్తకమును గూర్చి రాయలసీమలో నెఱుఁగనివారరుదు. కాని నేను గొనియాడఁదలఁచినది అచ్చటి పెద్ద దుకాణములను గాదు, కొలఁది పెట్టుబడితో నగల వ్యాపారమారంభించి, తెల్లవాఱుజామున పెన్న యొడ్డున పరుగిడి, చెమట యాఱకమున్నే యంగడి తలుపు తీయు యువకుని. జమ్మలమడుగునుండి కూఁతురి పెండ్లికై వచ్చిన తల్లి పాతగొలుసు చేతికీయఁగా, అతఁడు దానిని గీటురాయిపై నొక్కమారు గీచి, ప్రక్కనే వన్నె తెలిసిన పసిఁడిపుల్లతో మఱియొక గీత గీచి, ద్రావకపుఁజుక్క వైచి, రెండింటి రంగును ఆమె కన్నులకే చూపును. వెయ్యింట 916 పాళ్లు బంగారమున్నఁగాని 22 కారెట్లనఁడు. తఱుగెంతయో ముందే చెప్పును. పులివెందుల రైతు అరటిగెలలు దిగువఱకు గడువడిగినచో తొందరపెట్టఁడు. మొదటి మైలులోనే యూపిరినంతయు వెచ్చించినవాఁడు ఇసుకలో నిలిచిపోవునని యతని కాళ్లకుఁ దెలియును. ఎంత చక్కని యోర్పు! రాత్రి లెక్క ముగిసినపిదప త్రాసుతట్టలను మెత్తని గుడ్డతోఁ దుడిచి, రేపటి పరుగునకు బూట్లను గుమ్మముప్రక్క నుంచును.