పౌండు సీసానికి ఎన్ని గుండ్లు?

బ్యాంకు గుమ్మం దగ్గర కాపలాదారు భుజాన కనిపించే జోడు గొట్టాల తుపాకిని మనవాళ్లు ‘12 బోర్’ అంటారు. ఆ 12 అంగుళాలూ కాదు, మిల్లీమీటర్లూ కాదు. 20 బోర్ గొట్టం దానికంటే సన్నం, 8 బోర్ గొట్టం దానికంటే లావు. అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడే ఈ లెక్క సీసం కరిగించి గుండ్లు పోసుకునే కాలం నాటిది. పాత తుపాకిని సరిగ్గా చదవాలంటే ముందు ఇది పట్టుబడాలి.

ఒక పౌండు స్వచ్ఛమైన సీసంతో, ఆ గొట్టంలో సరిగ్గా పట్టే గుండ్లు ఎన్ని పోయగలమో ఆ అంకే దాని బోర్. గేజ్ అన్నా ఇదే. పన్నెండు వస్తే 12 బోర్. ఒక్కో గుండు 37.8 గ్రాములు. నాలుగే వస్తే 4 బోర్. ఒక్కో గుండు 113 గ్రాములు. 19వ శతాబ్దంలో ఏనుగుల వేటకు దొరలు పట్టుకెళ్లినవి అంతంత తుపాకులే. మన చేనేతవాళ్లకు ఈ తరహా కొలత కొత్త కాదు. నూలు కౌంటు కూడా పౌండుకు 840 గజాల చిలపలు ఎన్ని అన్న లెక్కే. కౌంటు పెరిగితే దారం సన్నబడుతుంది.

బరువుతో ఎందుకు కొలిచారు? గొట్టం లోపలి వ్యాసాన్ని అంగుళంలో వెయ్యో వంతు దాకా పట్టుకునే సాధనం ఆనాటి పనివాళ్ల దగ్గర లేదు. త్రాసు మాత్రం ప్రతిచోటా ఉంది. పైగా సైన్యానికైనా వేటగాడికైనా తెలియాల్సింది అదే: ఇంత సీసం కొంటే ఎన్ని గుండ్లు వస్తాయి?

ఇక లెక్క. పౌండు అంటే 453.6 గ్రాములు. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.34 గ్రాములు. భాగిస్తే 40 ఘన సెంటీమీటర్లు. అంత సీసాన్ని ఒకే గుండుగా పోస్తే దాని వ్యాసం 42.4 మిల్లీమీటర్లు, అంటే 1.669 అంగుళాలు. ఇది 1 బోర్. మిగతావన్నీ దీన్నుంచే వస్తాయి: 42.4ను బోర్ అంకె ఘనమూలంతో భాగించాలి. 12 ఘనమూలం 2.289 కాబట్టి 12 బోర్ 18.5 మిల్లీమీటర్లు. అలాగే 16 బోర్ 16.8, 20 బోర్ 15.6, 8 బోర్ 21.2. గుండు వ్యాసం సగమైతే బరువు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఘనమూలం వచ్చింది అందుకే.

వ్యాసం నుంచి బోర్‌కు రావాలంటే 42.4ను కొలిచిన వ్యాసంతో భాగించి, వచ్చినదాన్ని ఘనం చేయాలి. గొట్టం 14.66 మిల్లీమీటర్లు ఉందనుకోండి. భాగిస్తే 2.89, ఘనం చేస్తే 24. అంగుళాల్లో ఆ గొట్టం 0.577. అది 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్; 1857లో సిపాయిలు ఏ తూటాల కొవ్వు గురించి తిరగబడ్డారో ఆ తూటాలు దీనివే.

మన పోలీసుల మస్కెట్లతో పరిచయమైన 410 మాత్రం ఈ లెక్కలోకి రాదు. అది నేరుగా 0.410 అంగుళం, అంటే 10.4 మిల్లీమీటర్లు. బోర్‌లోకి మారిస్తే సుమారు 67.

పాత తుపాకుల దగ్గర అసలు చిక్కు వేరు: అంకె గొట్టానిదా, గుండుదా? బ్రిటిష్ మస్కెట్ బ్రౌన్ బెస్‌ను చూడండి. ఈస్టిండియా కంపెనీ తన సైన్యం కోసం 39 అంగుళాల గొట్టంతో చేయించుకున్న ‘ఇండియా ప్యాటర్న్’ను 18వ శతాబ్దం చివర్లో బ్రిటిష్ సైన్యమూ తీసుకుంది. దాని గొట్టం 0.75 అంగుళం; లెక్క కడితే 11 బోర్. అందులో వేసే గుండు సుమారు 0.69 అంగుళం, పౌండుకు 14. ఒకే తుపాకికి రెండు అంకెలు, రెండూ నిజమే. మధ్యనున్న ఒకటిన్నర మిల్లీమీటర్ల ఖాళీ కావాలని వదిలింది. తుపాకి మందు కాలేకొద్దీ గొట్టంలో మసి పేరుకుంటుంది. వరసగా పేల్చాక కూడా గుండు, దాన్ని చుట్టిన తూటా కాగితంతో సహా, కడ్డీతో పొడవగానే అడుక్కి దిగాలి. బారులు తీరి పేల్చే యుద్ధంలో గురి కంటే వేగంగా నింపడమే ముఖ్యం.

బ్రిటిష్ తుపాకి అయితే గొట్టం అడుగున ముద్రలు వెతకాలి. లండన్ గన్‌మేకర్స్ కంపెనీకి 1637లో రాజు అనుమతిపత్రం దక్కింది. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813లో చట్టంతో ఏర్పడింది. ఈ రెండు చోట్లా మామూలు కంటే ఎక్కువ మందు దట్టించి పేల్చి, తట్టుకున్న గొట్టానికే ముద్ర వేసేవారు. ఏ బోర్‌కు ఎన్ని అంగుళాలో 1868 చట్టం పట్టిక కట్టింది. 19వ శతాబ్దం చివరి నుంచి 13/1 వంటి ముద్రలూ కనిపిస్తాయి. 13 అంటే 0.710 అంగుళం, 13/1 అంటే 0.719, 12 అంటే 0.729. గొట్టం మీద 13/1 అని ఉండి, లోపల ఇవాళ 0.731 వచ్చిందంటే, ముద్ర పడ్డాక ఆ గొట్టం వెడల్పయింది. చాలాసార్లు దీనికి కారణం తుప్పు గుంటలు పోవడానికి లోపల సానపట్టడమే. గోడ పలచబడింది, ముద్ర ఇచ్చిన భరోసా ఇక దానికి వర్తించదు.

కొలవడానికీ ఒక క్రమముంది. మూతి నుంచి నింపే తుపాకిలో ఎప్పటిదో మందు, గుండు అడుగున మిగిలి ఉండొచ్చు. చెక్క పుల్ల దింపి, అది దిగిన లోతును గొట్టం పొడవుతో సరిచూశాకే మిగతా పని. మూతి దగ్గర కొలిస్తే చాలదు: అక్కడ కడ్డీ రాపిడికి అరిగి ఉంటుంది, చోక్ (మూతి దగ్గర కావాలని సన్నం చేసిన భాగం) ఉంటే ఇరుకవుతుంది. బ్రిటిష్ పద్ధతిలో వెనక కొస నుంచి 9 అంగుళాల దగ్గర కొలుస్తారు. ఇతర దేశాల తుపాకి అయితే ఏ పౌండో కూడా అడగాలి. ఫ్రాన్స్ పాత పౌండు 489.5 గ్రాములు, దానికి 12 గుండ్లు పోస్తే ఒక్కోటి 19 మిల్లీమీటర్లు. ఇంగ్లిష్ లెక్కలో అది 11 బోర్.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలాంటి చోట్ల ఆయుధాల గదిలో నిలబడి చూసేవారికి ఈ చదువు ఎంతో అందిస్తుంది. మన కమ్మరులు చేసిన వత్తి తుపాకులకు ప్రూఫ్ ముద్రలుండవు. అయినా గొట్టం కొలిచి బోర్ కడితే, మోసినవాడు సంచిలోని సీసంతో ఎన్నిసార్లు పేల్చగలిగేవాడో అంచనాకు వస్తుంది. మిల్లీమీటర్లు ఇనుము గురించి చెబుతాయి. బోర్ ఆ ఇనుమును వాడిన మనిషి ఖర్చు, బరువు, అవసరం గురించి చెబుతుంది. కాబట్టి పాత తుపాకి పక్కన పెట్టే ప్రతి చీటీలోనూ మూడు విషయాలు ఉండాలి: కొలిచిన వ్యాసం, దానికి సరిపడే బోర్, గొట్టం మీదున్న ముద్ర. ఈ మూడూ ఒకదానితో ఒకటి ఎక్కడ కుదరవో, ఆ తుపాకి చరిత్రను అక్కడి నుంచే వెతకాలి.