కనుగుడ్డులోని నాలుగు మిల్లీలీటర్లు

మార్చురీ బయట చెట్టుకింద కూర్చున్నవాళ్లు మమ్మల్ని అడిగేవి రెండు మూడు ప్రశ్నలే. ఎప్పుడు పోయాడు డాక్టరు గారూ? తాగి ఉన్నాడా? చివర్లో బాగా బాధపడ్డాడా? మూడోదానికి ఏ పరీక్షా జవాబు చెప్పలేదు. మొదటి రెండింటికీ మాత్రం చాలాసార్లు రక్తం కంటే కంట్లోని ద్రవమే నమ్మకంగా పలుకుతుంది. ఫోరెన్సిక్ మెడిసిన్ పాఠాలు చెబుతూ వచ్చిన నాకు ఆ ద్రవం మీద ఉన్న గౌరవం ఏటేటా పెరుగుతోందే తప్ప తగ్గలేదు.

బడి పుస్తకాల్లో దాన్ని కాచావత్ ద్రవం అన్నారు. మేం విట్రియస్ అంటాం. కటకానికీ రెటీనాకూ మధ్య సుమారు 4 మిల్లీలీటర్లు ఉంటుంది. అందులో నూటికి 98 పాళ్లకు పైగా నీళ్లే. మిగిలినదాంట్లో సన్నటి కొల్లాజెన్ పోగులు, హయలురోనిక్ ఆమ్లం ముఖ్యం. ఇప్పుడు మోకాళ్ల ఇంజెక్షన్లలో, ముఖానికి పూసే క్రీముల్లో వాడుతున్న ఆ ఆమ్లాన్ని 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ మొదటిసారి వేరుచేసింది పశువుల కళ్లలోని విట్రియస్ నుంచే. అది ఉండబట్టే ఈ ద్రవం లేత ముంజెలా నిలిచి ఉంటుంది. దీనిలో రక్తనాళాలు లేవు. చుట్టూ ఎముకల గూడు. చనిపోయాక పేగుల్లోంచి ఒళ్లంతా పాకే బాక్టీరియా ఇక్కడికి చేరేసరికి ఆలస్యమవుతుంది. దీని విలువంతా ఆ ఆలస్యంలోనే ఉంది.

తీయడం చూడ్డానికి సులువు. కంటి బయటి కొస దగ్గర తెల్లగుడ్డులోంచి సూదిని కనుగుడ్డు మధ్యకు పోనిచ్చి, సిరంజిని మెల్లగా లాగాలి. చాలా మెల్లగా. తొందరపడి గట్టిగా లాగితే రెటీనా తునకలు ఊడి వస్తాయి, వాటి కణాల్లోని పొటాషియం కలిసి లెక్కంతా పాడవుతుంది. వచ్చిన ద్రవం స్వచ్ఛంగా, రంగు లేకుండా ఉందా, మసకగా ఉందా అన్నది అప్పుడే రాసుకోవాలి. కుడి కంటిది ఒక సీసా, ఎడమ కంటిది ఇంకొకటి. మద్యం పరీక్షకు సోడియం ఫ్లోరైడ్ కలిపిన సీసా కావాలి, లవణాల లెక్కకు అది పనికిరాదు. చివరగా, తీసినంత సెలైన్ తిరిగి కనుగుడ్డులోకి ఎక్కించాలి. లేకపోతే కళ్లు లోపలికి పీక్కుపోతాయి. కన్నతల్లి ఆఖరుసారి చూసుకునే ముఖం అది. ఆ పని మరిచిన విద్యార్థిని నేను తేలిగ్గా వదల్లేదు.

ఇక మరణ సమయం. ప్రాణం ఉన్నంతకాలం కణాలు పొటాషియాన్ని తమలోనే పట్టి ఉంచుకుంటాయి. ప్రాణం పోగానే ఆ పట్టు సడలి, రెటీనా నుంచీ కటకం నుంచీ అది విట్రియస్‌లోకి ఊరుతుంది. గంటలు గడిచేకొద్దీ పెరుగుతుంది. 1960ల్లో అమెరికాలో స్టర్నర్ దీనికొక సూత్రం ఇచ్చాడు: పొటాషియం అంకెను 7.14తో హెచ్చవేసి 39.1 తీసేస్తే గంటలు వస్తాయి. 1989లో జర్మనీలో మడేయా బృందం ఆ అంకెల్ని 5.26, 30.9గా సవరించింది. లీటరుకు 10 మిల్లీమోల్ వచ్చిందనుకోండి. మొదటి సూత్రం 32 గంటలంటుంది, రెండోది 22 గంటలు కూడా దాటనివ్వదు. పది గంటల తేడా! ఆ పది గంటల్లో ఒక మనిషి నిందితుడూ కావచ్చు, నిర్దోషీ కావచ్చు. పైగా మన మే నెల వేడికి పొటాషియం ఇంకా తొందరగా పెరుగుతుంది. అందుకే ఈ పరీక్షను గడియారంలా చూపి కోర్టులో ఒకే గంట చెప్పే డాక్టరును నేను నమ్మను. ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల మధ్య అని చెప్పడమే నిజాయితీ.

మద్యం విషయంలో ఈ ద్రవం చేసే మేలు ఇంకా పెద్దది. కుళ్లిన శవంలో బాక్టీరియా, ఈస్టు తమంతట తామే మద్యాన్ని తయారుచేస్తాయి. మన మోటారు వాహనాల చట్టం డ్రైవరుకు పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. చుక్క ముట్టని మనిషి రక్తంలోనూ కుళ్లు ముదిరాక ఆ హద్దు దాటవచ్చు. రెండు మూడు రోజులకు పొదల్లో దొరికిన లారీ డ్రైవరును తలుచుకోండి. రక్తం రిపోర్టు ఒక్కటే చూసి తాగుబోతని రాసేస్తే, బీమా డబ్బుతో పాటు ఆ ఇంటి పరువూ పోతుంది. రక్తంలో మద్యం ఉండి, చెడిపోని విట్రియస్‌లో ఏమీ లేకపోతే, అది చనిపోయాక పుట్టిందని గట్టిగా చెప్పవచ్చు.

మినియాపొలిస్‌లో మెడికల్ ఎగ్జామినర్‌గా చేసిన జాన్ కో, 1969లో ఈ ద్రవంలోని లవణాల మీద అచ్చువేసిన పరిశోధన ఇవాళ్టికీ మాకు ఆధారమే. సోడియం, క్లోరైడ్, యూరియా మూడూ బాగా పెరిగి ఉంటే ఒంట్లో నీరు ఇంకిపోయిందని అర్థం. వడదెబ్బ అనుమానమున్న కూలీ విషయంలో, పట్టించుకోక వదిలేసిన ముసలమ్మ విషయంలో ఆ అంకెలు ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. చక్కెర సంగతి వేరు. చనిపోయాక అది తగ్గుతుందే తప్ప పెరగదు. కాబట్టి డెసిలీటరుకు 200 మిల్లీగ్రాములు దాటి ఉంటే, బతికుండగానే షుగర్ అదుపు తప్పిందని గట్టిగా అనుమానించాలి. తక్కువ ఉంటే మాత్రం దాన్నిబట్టి ఏమీ అనకూడదు.

పోస్టుమార్టం తర్వాత కడుపు, కాలేయం, కిడ్నీ ముక్కలు ల్యాబుకు పంపడం మన దగ్గర అలవాటుగా జరిగిపోతుంది. విట్రియస్ మాత్రం నేను చూసినంతలో చాలాచోట్ల కంట్లోనే ఉండిపోతోంది. ఒక సూది, రెండు సీసాలు, పది నిమిషాల ఓపిక చాలు. అనుమానాస్పద మరణం ప్రతిదానిలో, ఒళ్లు కుళ్లినా కళ్లు నిలిచి ఉన్న ప్రతి శవం దగ్గర, మన యువ డాక్టర్లు దాన్ని తీయాలి. కుటుంబాలకూ ఒక మాట: కళ్లు తీసేస్తారేమోనని భయపడకండి. కళ్లు ఉన్నచోటే ఉంటాయి, ముఖం మారదు. ఆ ద్రవం తీశారా అని డాక్టరును అడగండి.