నాలుగు మూలలూ వెతికిన మనిషి

కథకు ఏమేం కావాలో ఏడో తరగతి పిల్లలకు చెప్పమంటే బోర్డు మీద వరసగా రాసేయొచ్చు: పాత్రలు, స్థలం, కాలం, సంఘర్షణ, మలుపు, ముగింపు, ఇతివృత్తం. పిల్లలు నోట్సులో ఎక్కించుకుంటారు, పరీక్షలో అప్పజెప్తారు, మార్కులూ వస్తాయి. ఆ తర్వాత ఒక కథ చేతికిస్తే మాత్రం వాటిలో ఒక్కటీ వాళ్ళ కంటికి ఆనదు. తప్పు పిల్లలది కాదు. మంచి కథలో ఇవి అరల్లో సర్దినట్టు విడివిడిగా ఉండవు. ఒక్క వస్తువే స్థలాన్ని చూపిస్తుంది, మనిషి గుణం చెబుతుంది, ముగింపుకు దారి వేస్తుంది. ఆ పనితనాన్ని పిల్లలకు దగ్గర నుంచి చూపించడానికి గురజాడ అప్పారావు రాసిన ‘దిద్దుబాటు’ కంటే అనువైన కథ తెలుగులో మరొకటి ఉందని నేను అనుకోను. నాలుగైదు పేజీల కథ. ఒక పీరియడ్లో పైకి చదివి, గంట కొట్టేలోపు మాట్లాడుకోవడానికి కూడా సమయం మిగులుతుంది.

ఇది మన కృష్ణా జిల్లాలోనే అచ్చయిన కథ కావడం ఇంకో సంతోషం. గురజాడ ఉన్నది విజయనగరంలో. కథ వెలువడింది మాత్రం బందరు నుంచి అప్పట్లో వచ్చే ‘ఆంధ్రభారతి’ మాసపత్రికలో, 1910 ఫిబ్రవరిలో. ఆ పత్రికను నడిపిన అయ్యంకి వెంకటరమణయ్య అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా నిండని కుర్రవాడు. గ్రంథాలయోద్యమంతో ఆయన పేరు ఊరూరా తెలిసింది తర్వాతి కాలంలో. ‘కృష్ణాపత్రిక’ కూడా అప్పటికే, 1902 నుంచి, బందరులో నడుస్తోంది. అచ్చు యంత్రాలూ, వాటి చుట్టూ చేరిన చదువరులూ ఉన్న ఊరు కాబట్టే ఆ కథ అక్కడికి చేరింది. తెలుగులో ఇదే మొదటి కథా అనే వాదం ఎప్పటినుంచో ఉంది. అంతకు ముందే, 1902లో, ‘హిందూసుందరి’ పత్రికలో భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ వచ్చింది. ఆమె పుట్టింది కూడా అప్పటి కృష్ణా జిల్లాలోనే, పెనుగంచిప్రోలులో. ఎవరు ముందు అన్నది చరిత్రకారులు తేల్చుకుంటారు. పిల్లలకు కావలసింది కథ ఎలా కట్టారన్నది.

జరిగిన సంగతి చాలా చిన్నది. గోపాలరావు అనే చదువుకున్న యువకుడు అర్ధరాత్రి దాటాక ఇంటికొస్తాడు. భోగం మేళాలు వద్దని ప్రచారం చేసే పక్షం మనిషే, పాట మోజులో పడి రోజూ అక్కడికే వెళుతున్నాడు. ఇంట్లో భార్య కమలిని కనిపించదు. నౌకరు రాముణ్ణి పట్టుకుని కొడతాడు, వెంటనే జాలిపడతాడు. బల్ల మీద భార్య రాసిన ఉత్తరం దొరుకుతుంది: పది రోజులుగా మీరు మీటింగులని చెప్పి ఎక్కడికి వెళుతున్నారో తెలిసింది, నేనిక్కడ ఉండబట్టే కదా మీకు అబద్ధమాడాల్సి వస్తోంది, అందుకని పుట్టింటికి పోతున్నాను అని దాని సారాంశం. గోపాలరావు తనను తాను తిట్టుకుని, ఆమెను తీసుకురమ్మని రాముణ్ణి బతిమాలి, ఆమెతో ఏం చెప్పాలో నేర్పిస్తాడు. రాముడు తన ధోరణిలో ఇంకేదో చెబుతానంటాడు. గోపాలరావు కోపంతో లేస్తాడు. అప్పుడు మంచం కింద నుంచి నవ్వు, నగల చప్పుడు వినిపిస్తాయి. కథ అయిపోయింది.

ముందు ఎత్తుగడ చూడండి. గోపాలరావు ఎవరు, ఏ ఊరు, ఏ ఉద్యోగం, పెళ్ళెప్పుడైంది అని గురజాడ ఒక్క ముక్క పరిచయం చేయడు. తలుపు అవతల మనిషి పిలుస్తున్నాడు, తలుపు తెరుచుకోలేదు. లోపల గడియారం ఒంటిగంట కొట్టింది. ఒకే ఒక గంట. దానితో కాలం తెలిసింది, ఇంట్లో అందరూ పడుకునే వేళ అని తెలిసింది, వచ్చినవాడు తప్పు చేసి వచ్చాడనీ తెలిసింది. ఇంకో సంగతి కూడా ఉంది: ఆ రోజుల్లో గడియారం, అది కూడా గంట కొట్టే గడియారం ఉన్న ఇల్లంటే ఇంటి స్థితి ఏమిటో పాఠకుడికి చెప్పక్కర్లేదు. పిల్లల్ని ఆ వాక్యం దగ్గర ఆపి, దీన్నుంచి మీకు ఏమేం తెలిసింది అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్కటి పట్టుకుంటారు.

తర్వాత గోపాలరావు తనలో తాను మాట్లాడుకుంటాడు. ఇక వెళ్ళను, ఇదే చివరిసారి అని ఒట్టు పెట్టుకున్నంత పని చేస్తాడు. ఆ వెంటనే ఆలోచన ఎటు పోతుంది? చప్పుడు చేయకుండా రాముణ్ణి లేపి, కమలిని లేవకముందే మంచం చేరి మర్యాదస్తుడిలా ఎలా పడుకోవాలా అని. పశ్చాత్తాపం నిజమే, దొరక్కూడదన్న తాపత్రయమూ నిజమే. రెండూ ఒకే గుక్కలో వచ్చేశాయి. అతడు బలహీనుడు, మంచివాడు, కాస్త బడాయి మనిషి అని రచయిత చెప్పనే లేదు. మనమే తేల్చుకున్నాం. పాత్రను ‘చెప్పడం’ వేరు, ‘చూపించడం’ వేరు అని టీచరు పదిసార్లు అన్నా అంటని సంగతి ఈ పేరాతో అంటుకుంటుంది.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు. చీకట్లో తడుముకుంటూ గదిలోకి వచ్చిన గోపాలరావు అగ్గిపుల్ల గీస్తాడు. మంచం మీద కమలిని లేదు. చేతిలో పుల్ల జారి నేలమీద పడుతుంది. చీకటి అతని గదినీ, మనసునూ కలిపే కమ్ముకుంది. ఒక పుల్ల పడిపోవడంలో దిగ్భ్రాంతి ఉంది, వెలుగు పోవడం ఉంది, కథలో మొదటి మలుపూ ఉంది. కాసేపటికి మళ్ళీ దీపం వెలిగించి గది నాలుగు మూలలూ వెతుకుతాడు. నాలుగు మూలలూ! మొదటిసారి చదివేటప్పుడు ఎవరూ ఆగని మాట ఇది. ముగింపు తెలిశాక వెనక్కి వచ్చి చదివితే తెలుస్తుంది, గురజాడ ఎంత నిజాయితీగా ఆడాడో. మంచం కింద చూశాడని అనలేదు, చూడలేదని కూడా అనలేదు. మూలలు వెతికాడన్నాడు, అంతే. అబద్ధం ఒక్కటీ ఆడకుండా మనల్ని పక్కదారి పట్టించాడు.

ఇలా ముందుగా నాటిన గుర్తులు కథ నిండా ఉన్నాయి. వీధి తలుపు తోయగానే తెరుచుకుంది. నడవలో దీపం లేదు. ఉత్తరం పక్కన కమలిని చెవి ఆభరణం మెరుస్తోంది. పుట్టింటికి పోయే ఆడమనిషి చెవులకు పెట్టుకునేది బల్ల మీద వదిలి వెళుతుందా? నీకు తెలియకుండా ఎలా వెళ్ళిందని అడగ్గానే రాముడు రెండడుగులు వెనక్కి వేశాడు. యజమాని తనను తాను పశువునని తిట్టుకుంటుంటే నవ్వు ఆపుకోవడానికి నానా అవస్థ పడ్డాడు. నౌకరు అమాయకత్వం కొద్దీ నవ్వుతున్నాడేమో అనుకుంటాం. వాడికి గుట్టు ముందే తెలుసని చివర్లో అర్థమవుతుంది. కొసమెరుపు అంటే చివర హఠాత్తుగా ఏదో ఒకటి జరిగిపోవడం అనుకుంటారు చాలామంది పిల్లలు. వాళ్ళు రాసే కథల్లో చివరకు అదంతా కల అని తేలిపోతుంది. ‘దిద్దుబాటు’లో నవ్వు వినపడగానే మనం ఉలిక్కిపడతాం, ఆ వెంటనే ‘అవును కదా’ అనిపిస్తుంది. ఆ రెండోది లేకపోతే మెరుపుకు విలువ లేదు.

కూచిపూడి పిల్లలకైతే ఈ కథలోకి వెళ్ళడానికి ఇంకో దగ్గరి దారి ఉంది. సిద్ధేంద్రయోగి భామాకలాపం వాళ్ళకు కొత్త కాదు. సత్యభామ రంగం మీదకు రావడమంటే ముందు తెర, తెర మీదుగా జడ, ఆ తర్వాతే మనిషి. తర్వాత ప్రవేశదరువులో తానెవరో తానే చెప్పుకుంటుంది. అద్దం ముందు ఎవరు అందగాళ్ళన్న పంతం మీద కృష్ణుడు అలిగి వెళ్ళిపోతాడు, ఆమె విరహంతో ఉత్తరం రాసి చెలికత్తె మాధవి చేత పంపుతుంది. తీసుకెళ్ళడానికి మాధవి ఊరికే ఒప్పుకోదు, ముక్కర అడుగుతుంది.

ఇప్పుడు ‘దిద్దుబాటు’ను దీని పక్కన పెట్టండి. అలిగి వెళ్ళింది భార్య, ఇంట్లో కూర్చుని విలపించేది భర్త. ఉత్తరం భార్యదే, కానీ వేడుకోలు కాదు, తీర్పు లాంటిది. రాయబారం నడపాల్సిన రాముడు మాధవిలాగే తగ్గని మనిషి, యజమాని చెప్పమన్నది వదిలేసి తన అభిప్రాయం చెబుతానంటాడు. వాడికి కూడా ముడుపు ఉంది. కొట్టిన సంగతి కమలిని దగ్గర ఎత్తవద్దని గోపాలరావు డబ్బిస్తానంటాడు. కూచిపూడి సంప్రదాయంలో సూత్రధారుడే సత్యభామ దగ్గర మాధవిగా, కృష్ణుడి దగ్గర మాధవుడిగా మారి ఇద్దరి గుట్టూ తెలిసినవాడవుతాడు. రాముడు కూడా అంతే, ఇటు గోపాలరావు గోడు వింటాడు, అటు కమలిని పన్నాగం తెలిసినవాడు. గురజాడ భామాకలాపాన్ని మనసులో పెట్టుకుని రాశాడని నేననడం లేదు. రెంటినీ పక్కపక్కన చూస్తే పాత్రల మధ్య బంధం ఎలా పనిచేస్తుందో పిల్లలకు తేటగా కనిపిస్తుంది. ఒక తేడా కూడా కనిపిస్తుంది: సత్యభామ దరువుతో తనను తాను చెప్పుకుంటుంది, కమలిని కథ మొత్తంలో పెదవి విప్పి ఒక్క మాట మాట్లాడదు. ఆమె అక్షరాలు చూశాం, నగ చూశాం, చివర నవ్వు విన్నాం. జడ మాత్రమే చూపించి తెర దించకుండానే ముగించిన కలాపం ఇది. అయినా కథ చదివినవాళ్ళకు అందరికంటే గట్టిగా గుర్తుండేది ఆమే.

సంభాషణ గురించి చెప్పకుండా ఉండలేను. కథకుడి భాష ఒక తీరు. గోపాలరావు మాట్లాడేది చదువుకున్నవాడి మాట, స్త్రీవిద్య గురించి ఉపన్యాసమిచ్చే మాట. రాముడిది విజయనగరం వైపు పనివాళ్ళ నోటి మాట. కమలిని ఉత్తరం గ్రాంథికంలో, చెయ్యి తిరిగిన రాతలో ఉంటుంది. ఎవరు మాట్లాడుతున్నారో పేరు చెప్పకుండానే తెలిసిపోతుంది. రాముడి మాటలు మన ప్రాంతం పిల్లలకు మొదట కొంచెం అడ్డు తగులుతాయి. పైకి, తొందర లేకుండా చదివి వినిపిస్తే రెండు నిమిషాల్లో చెవికి ఎక్కుతాయి. యజమాని భార్య ఉత్తరంలో ‘ప్రియా’ అన్న సంబోధన పోయిందని బాధపడుతుంటే నౌకరుకు అది ఇంకోలా వినపడి, పెయ్య ఏమైనా తప్పిపోయిందా అని అడగడం దగ్గర క్లాసంతా నవ్వుతుంది. ఆ నవ్వులో కూడా పని ఉంది: ఇద్దరి లోకాలు ఎంత దూరమో అక్కడే తెలిసింది.

రాముణ్ణి కొట్టడం విషయంలో మాత్రం పిల్లలు నవ్వరు. నవ్వకూడదు కూడా. సంస్కరణ గురించి మాట్లాడే పెద్దమనిషి నౌకరును వీపు మీద గుద్ది, ఆ తర్వాత వీపు నిమిరి, భార్యకు చెప్పకని బేరం పెట్టాడు. స్త్రీలు చదువుకోవాలని నమ్మేవాడే ఇంటి పనివాణ్ణి మూర్ఖుడంటాడు. కథ ఇతివృత్తం ఏమిటని అడిగితే ‘భార్య భర్తను సరిదిద్దడం’ అని గైడుల్లో ఉండే జవాబు వస్తుంది. గోపాలరావు పొరపాటు ఒక్క పాట మోజేనా, చెప్పేదానికీ చేసేదానికీ మధ్య దూరమంతా అందులోకి రాదా అని అడిగి చూడండి. ఎనిమిదో తరగతి పిల్లలు దీని మీద గట్టిగానే వాదించుకుంటారు.

దృష్టికోణం అన్నది పిల్లలకు చెప్పడం అన్నిటికంటే కష్టం. ఈ కథలో అది కూడా తేలిక. మొదటి వాక్యం నుంచి మనం గోపాలరావు భుజం మీదుగానే చూస్తున్నాం. అతడికి తెలియనిది మనకూ తెలియదు, అతడు చూడని చోటు మనమూ చూడం. అందుకే మంచం కింద ఎవరున్నారో మనకూ అందలేదు. దీన్ని పాఠంగా చెప్పేకంటే ఒక పని ఇవ్వడం మేలు: ఇదే రాత్రిని కమలిని చెప్పినట్టు రాయండి. ఆమెకు మంచం కింద నుంచి కనిపించేదల్లా కాళ్ళు, నేలమీద పడ్డ అగ్గిపుల్ల, వెనక్కి జరిగిన రాముడి పాదాలు. భర్త తనను గుణవతి అని మెచ్చుకోవడం, పశువునని తిట్టుకోవడం, రాముడికి డబ్బు ఆశ చూపడం అన్నీ ఆమె వింటోంది. పుట్టింటికి పంపాలనుకున్న కబురంతా అప్పుడే, అక్కడే ఆమె చెవిన పడిపోయింది. భామాకలాపంలో ఉత్తరం కృష్ణుడి దాకా వెళ్ళాలి. ఇక్కడ మాట అన్న మరుక్షణమే చేరింది. పిల్లలు రాయడం మొదలుపెట్టగానే ఒక చిక్కు వస్తుంది. కమలిని చెబితే గుట్టు మొదటి పేరాలోనే బయటపడుతుంది, చివర్లో ఉలిక్కిపాటు ఉండదు. మరి పాఠకుణ్ణి చివరిదాకా ఎలా కూర్చోబెట్టాలి? ఆమె ఎప్పుడు నవ్వేస్తుందో అన్న ఆత్రంతోనా? రాముడు దెబ్బలు తిన్నాడని తెలిసినప్పుడు ఆమె నవ్వగలిగిందా అన్న ప్రశ్నతోనా? రెండో దారి పట్టినవాళ్ళు రాసేది ‘దిద్దుబాటు’ కాదు, ఇంకో కథ, కొంచెం బరువైన కథ. వాళ్ళని ఆపకండి.